ఇల్లు మారువేళ సామానుల పదిలము



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత మనమందరము చిన్ననాటినుండి వినుచున్నదే. ఆ రెండు పనులును జీవితములో ఒకటి రెండు మారులకంటె రావు. ఉద్యోగస్థుల యిండ్లలోని స్త్రీలకు వానికంటె తరచుగ వచ్చు పని యింకొకటి కలదు. అది ఇల్లు మారుట. పూర్వము మనవారు పుట్టిన యూరనే పెరిగి, తాతలు కట్టిన యింటనే కాపురముండిరి గనుక దీనికి సామెత యవసరము కలుగలేదు కాబోలు. నేడు మన కది కావలసియున్నది.

ఉపాధ్యాయుల సంసారములకు ఈ ప్రయాణము తప్పనిది. మన రాష్ట్రమున 2025లో చేయబడిన ఉపాధ్యాయ బదిలీల చట్టము ప్రకారము, ప్రధానోపాధ్యాయులు ఒక బడిలో 5 విద్యాసంవత్సరములకును, తక్కిన ఉపాధ్యాయులు 8 విద్యాసంవత్సరములకును మించి యుండరాదు. ఉత్తరువులు సాధారణముగ వేసవిలో వచ్చును. జూను 12న బడులు తెరుచుసరికి సంసారము క్రొత్త యూర నిలువవలెను. రెంటచింతల యెండల సంగతి పత్రికలు చదువువారి కెల్లరకును తెలియును. ఆ యెండలలోనే మనము మంచములు విప్పవలెను, బీరువాలు మోయింపవలెను, పసిపిల్లలను వృద్ధులను వెంటబెట్టుకొని పోవలెను. మా వారు తెలుగు పండితులు. పదునారేండ్ల కాపురములో మేము మూడుమార్లు ఇల్లు మార్చితిమి. కారెంపూడి దగ్గరి పల్లెనుండి మాచెర్లకును, మాచెర్లనుండి గురజాలకును, గురజాలనుండి నరసరావుపేటకును వచ్చితిమి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు వేఱు జిల్లాయై నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది గనుక, ఇప్పుడు మా వంటివారు మఱికొందఱు ఈ పట్టణమునకు వచ్చుచున్నారు. వారికి మా యనుభవము కొంత యుపయోగపడునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పురుషులు ఇల్లు మారుట యనగా లారీని కుదుర్చుటయే యనుకొందురు. లారీ కుదుర్చుట ఒక గంట పని. తక్కినదంతయు ఇల్లాలి పని. ఏ వస్తువు ఏ భాగమున బలహీనమో, ఏ మంచపుకోడు వదులైనదో, ఏ బల్లకు ఒక కాలు పొట్టియో, దినదినము తుడిచి సర్దుచుండు ఆమెకే తెలియును. కనుక సామాను కట్టించు అధికారమును ఆమెయే వహింపవలెను.

భారతము చదివినవారికి జమ్మిచెట్టు కథ జ్ఞాపకముండును. విరాటనగరము చొచ్చుటకు ముందు పాండవులు తమ ఆయుధములను మూటగట్టి శమీవృక్షముపై నుంచిరి. మూట చూచినవారికి శవమని తోచునట్లు కట్టిరి. ఏ కొమ్మపై నున్నదో తామెఱిగియుండిరి. ఏడాది తరువాత ఉత్తరుని చెట్టెక్కించినప్పుడు విల్లును బాణములును చెడక దొరకెను. చిన్ననాడు మా తండ్రిగారు ఈ ఘట్టమును చెప్పినప్పుడు మాకు వీరరసమే కనబడెను. ఇప్పుడు సంసారమున పడినపిదప అందు మఱియొకటి కూడ కనబడుచున్నది. వస్తువునకు తగిన కట్టు, ఉంచిన చోటి యెఱుక, తిరిగి తీయువాని కాచోటు చెప్పగలుగుట, ఈ మూడును అందు కలవు. ఇల్లు మారుటకు కావలసినవియు నీ మూడే.

మొదట పుస్తకము. పదునైదు దినములు ముందుగా ఒక నోటుపుస్తకము తెఱచి, గదివారీగా సామానుల పట్టిక వ్రాయవలెను. ప్రతి మూటకును, పెట్టెకును ఒక సంఖ్య నిచ్చి, అందేమున్నదో, క్రొత్త యింట ఏ గదికి పోవలెనో యెదుట వ్రాయవలెను. ఆ సంఖ్యను పెట్టెకు పైన మాత్రమే గాక ప్రక్కను గూడ వ్రాయవలెను. లారీలో పెట్టెలు ఒకదానిపై నొకటి యుండగా పైవ్రాత కనబడదు. పుస్తకము ఇల్లాలి చేతిసంచిలోనే యుండవలెను. పెట్టెలో పెట్టి లారీ కెక్కించినయెడల దానివలన ప్రయోజనము లేదు.

క్రొత్త యింటి ద్వారములను, మెట్లమలుపులను ముందే కొలిచి అదే పుస్తకములో వ్రాసికొనవలెను. ఇంటి అద్దె, నీటివసతి అడిగి వచ్చు మగవారు ద్వారపు వెడల్పును చూడరు. లారీ గుమ్మము ముందు నిలిచినపిదప బీరువా లోనికి పట్టదని తెలిసినచో ఏమి చేయగలము? కొలబద్ద లేకున్నచో ఒక త్రాటికి వస్తువుల వెడల్పునకు సరిగా ముళ్లు వేసికొనిపోయి ద్వారమున సాచి చూచినను చాలును.

ఇక మంచముల సంగతి. విప్పుటకు ముందే ప్రతి కోటికిని దానిలో దూరు పట్టెకును ఒకే గుర్తు పెట్టవలెను. చూపునకు నాలుగు కోళ్లును ఒక్క తీరుననే యుండును గాని, ఏండ్ల తరబడి యొక కుసి ఒక రంధ్రమునకే అలవాటుపడియుండును. వేఱొక రంధ్రములో దానిని కొట్టినయెడల కోడు పగులును, లేదా మంచము కిఱ్ఱుకిఱ్ఱుమనును. మరలతో బిగించిన మంచమైనచో, ఊడదీసిన మరలను ఒక గుడ్డసంచిలో వేసి ఆ పట్టెకే గట్టిగ కట్టవలెను. అన్ని మంచముల మరలను ఒకే డబ్బాలో వేయుట యే మరకు ఏ రంధ్రమో తెలియక రాత్రి నేలపై పండుకొనుటకు దారి. విప్పక మునుపు చేతిఫోనుతో నాలుగు ప్రక్కల ఛాయాచిత్రములు తీసియుంచుట ఈ కాలమున సులభమైన యుపాయము.

వస్తువులకు చుట్టుటకు మన ప్రాంతమున దొరకువానిలో పాతదుప్పట్లు, బొంతలు, గోనెలు, ఎండిన వరిగడ్డి మేలైనవి. గడ్డిని ముందురోజు ఎండలో దులిపి ఆరబోయవలెను. అందు తేళ్లు దాగియుండవచ్చును; తడిగడ్డి కొయ్యకు మరక పట్టించును. గోనెలను గూర్చి పల్నాటివారి కొక ప్రత్యేకమైన మాట. ఇచట చవుకగ దొరకునవి మిరపకాయల గోతములు. ఎన్ని మార్లు దులిపినను ఆ ఘాటు పోదు. వానిలో పరుపులు, పిల్లల బట్టలు కట్టరాదు. మా పొరుగింటివారు ఒకమారట్లు కట్టగా, వారి చంటిబిడ్డ రెండు రాత్రులు మంటతో నిదురపోలేదు. మెఱుగుపెట్టిన కొయ్యసామానుపై ప్లాస్టికు పట్టాను నేరుగ చుట్టరాదు. మే నెల యెండకు మెఱుగు మెత్తబడి పట్టా దానికంటుకొని, తీయునప్పుడు మచ్చలు పడును. మొదట నూలుగుడ్డ చుట్టి, దానిపై ఏదైనను కట్టవచ్చును.

అద్దములను, గాజుపలకలను ఎల్లప్పుడు అంచుమీద నిలువుగా నుంచవలెను. పడుకోబెట్టినచో బండి కుదుపునకు నడిమికి విఱుగును. అద్దముపై కాగితపు పట్టీలను అడ్డముగ నిలువుగ అంటించినయెడల ఒకవేళ పగిలినను పెంకులు చెదరి యెవరికిని గ్రుచ్చుకొనవు. బల్లను మోయునప్పుడు పైపలకను పట్టి యెత్తరాదు, దానిక్రింది చట్రమును పట్టవలెను. కుర్చీని చేతులు పట్టి యెత్తరాదు, కూర్చుండు భాగపు చట్రమును పట్టవలెను. దేనిని గాని నేలపై నీడ్వరాదు. నాపరాళ్లపై నీడ్చిన కాళ్లకు కుసులు వదులగును, రాళ్లకు గీతలు పడును. పుస్తకములను చిన్న పెట్టెలలో మాత్రమే సర్దవలెను. పెద్దపెట్టె నిండ పుస్తకములు పెట్టి, మోయువాడు దానిని ఎత్తలేక వదలినప్పుడు వానిని కోపించుట న్యాయము గాదు.

ఇనుపబీరువా విషయము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మాచెర్లలో మేము మేడమీది వాటాలో నుంటిమి. బీరువాను దింపుటకు నలుగురు హమాలీలు వచ్చిరి. బండివాడు తన కింకొక బాడుగ యున్నదని తొందరపెట్టుచుండెను. బీరువాను ఖాళీ చేయనిండని మేము చెప్పుచుండగనే, "ఏం ఫరవాలేదమ్మా, ఇట్టాగే దించేస్తారు" అని యతడు కేకవేసి మోయించెను. లోన పుస్తకములు, ఇత్తడి సామాను ఉన్నవి. మెట్లమలుపున పైనున్నవారి చేతిలో త్రాడు జాఱి, లోపలి బరువంతయు నొక్కసారి ముందునకు దొర్లెను. క్రిందనున్న యతడు, ఇరువది యేండ్ల పిల్లవాడు, గోడప్రక్కకు దూకి తప్పించుకొనెను. బీరువా నాలుగుమెట్లు జాఱి తలుపు సొట్టపడెను. అతని పాదమునకును ఆ యినుమునకును నడుమ జానెడు దూరము కూడ లేదు. మా అత్తగారు కంపించుచు వానిని కూర్చుండబెట్టి మజ్జిగ త్రాగించి, "నాయనా, మీ అమ్మకి నువ్వొక్కడివే కొడుకువా?" అని యడిగిరి. ఆ మాట మే మిప్పటికిని మఱువలేదు. సామాను పదిలమనగా మొదట మోయువారి పదిలము. సొట్టపడిన తలుపును చక్కచేయించవచ్చును, విఱిగిన కాలిని అట్లు చేయుట సాధ్యమా?

కనుక బీరువాను పూర్తిగ ఖాళీచేసి, తలుపులు తాళమువేసి, తాళపుచెవిని తీసి, పిడులు కదలకుండ గుడ్డతో బిగించి, అద్దమున్న ప్రక్కకు పరుపు కట్టవలెను. మెట్లపై దింపునప్పుడు బరువైన వస్తువునకు సూటిగా క్రింద ఎవరును నిలువరాదు, ప్రక్కలనుండి పట్టవలెను, పైవారు త్రాటితో ఆపుచు రావలెను. ఒక్కరే మాట చెప్పవలెను, తక్కినవారు వినవలెను. కూలి ముందే నిశ్చయించి, నీళ్లు మజ్జిగ సిద్ధముగ నుంచి, "అన్నా, నిదానంగా" అని చెప్పిన యింట సామాను పగులుట తక్కువ.

మూడవమారు ఇల్లు మారునప్పుడు మాకు వచ్చిన చిక్కు వేఱువిధమైనది. మా అత్తగారికి పుట్టినింటివారిచ్చిన టేకు భోషాణ మొకటి కలదు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఇంచుమించుగ మూడడుగుల యెత్తు, అంచులకు ఇత్తడి పట్టీలు. పల్లెలోను మాచెర్లలోను గురజాలలోను మాకు దొరకిన యిండ్లకు పాతకాలపు పెద్ద తలుపులుండుటచే దానికి బాధ కలుగలేదు. నరసరావుపేటలో కుదిరిన వాటాకు ద్వారము రెండున్నర యడుగులే. మా వారు రెండు దినములు కొలిచికొలిచి, "అమ్మా, ఇది లోపలికి పట్టేటట్టు లేదు. అమ్మేద్దాం. మంచి ధర వస్తుంది" అనిరి. పాతసామానులవారు వచ్చి చూచి వెలకట్టిపోయిరి. మా అత్తగారు, "మీ ఇష్టం నాయనా, నేనేమన్నా మోసుకుపోతానా" అనిరి. ఆ రాత్రి రెండు మూడుమార్లు లేచి భోషాణము దగ్గరకు పోయి దాని మూతపై చేయి వేసి నిలుచుండుట మేము చూచితిమి. ఆమెకు వైధవ్యము వచ్చినప్పుడు పొలము మఱదుల పాలయ్యెను, ఇల్లు అప్పులకు పోయెను. ఆమెది యని చెప్పుకొనుటకు మిగిలినది ఆ పెట్టె యొక్కటే. కొడుకు వెంట ఊరూర తిరుగుచు ఆమె ఎన్నడును ఒక్కమాట యనలేదు. ఆమెకు ప్రతి క్రొత్తయూరను పాతదిగ నుండునది అదియొక్కటే.

మాచెర్లలో నున్నప్పుడు మా వారు పిల్లలను నాగార్జునకొండకు తీసికొనిపోవుచు మమ్మునుగూడ వెంటబెట్టుకొని పోయియుండిరి. విజయపురి సౌత్ రేవున లాంచీ యెక్కి పోయితిమి. ఇక్ష్వాకుల విజయపురి యుండిన లోయ యిప్పుడు సాగరగర్భమున నున్నది. ఆ కాలపు కట్టడములలో రాజకుటుంబపు స్త్రీల దానముచే లేచినవి పెక్కు కలవు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి పేరు శాసనములలో ప్రసిద్ధము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. అప్పటికే, 1954నుండి, ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున ఆ లోయనంతయు త్రవ్వి, 1960 వఱకు కొలతలు పటములు వ్రాసిరి. ముఖ్యమైన కట్టడములను విప్పి, కొన్నిటిని కొండపైని, కొన్నిటిని గట్టున అనుపులోను తిరిగి నిలిపిరి. అనుపులో మెట్లు మెట్లుగా నున్న రంగస్థలమును చూచినవారికి అది అచటికి వేఱొకచోటినుండి వచ్చినదని తోచదు. తరువాత ఈజిప్టులో అబూ సింబెలు దేవాలయములను నైలునది ముంపునుండి తప్పించుటకు, 1964నుండి 1968 వఱకు, వేయికి పైగా దిమ్మెలుగా కోసి, సంఖ్యలు వేసి, పైకెత్తి నిలిపిరి. మన పల్నాటివా రట్టి పనిని అంతకు ముందే చూచియుండిరి.

ఇంకొక కథ దీనికి విరుద్ధమైనది. అమరావతి స్తూపపు శిల్పములను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి చెన్నపట్నమునకు పంపెను. అవి యచట చాలకాల మారుబయట ఎండకు వానకు పడియుండెను. 1859లో పెక్కింటిని లండనుకు తరలించిరి. అచటను అవి యొక బండ్లచావడిలో నుండగా 1867లో ఫెర్గూసన్ అను పండితుడు కనుగొనెను. ఏ రా యెచట నుండెనో నేడు పండితులు కొంతవఱకైనను చెప్పగలుగుటకు ఒక ముఖ్యకారణము, అంతకు మునుపే మెకంజీ 1816లోను ఆ తరువాతను అచట పటములు వ్రాయించి యుండుటయే. ఒకే కృష్ణాతీరమున ఒకచోట విప్పకమునుపు వ్రాసిరి, ఒకచోట వ్రాసినది చాలకయే మోసిరి. ఈ భేదము ఇల్లాండ్రకు సులభముగ బోధపడును.

మాచెర్లలో మా వీధి చివర నొక వృద్ధురా లుండెడిది. ఆమె పుట్టిన పల్లె ఆ ముంపులో పోయినది. "రాళ్లకి కొలతలు రాసుకున్నారమ్మా, మా ఇళ్లు మేమే విప్పుకున్నాం" అని యామె చెప్పెడిది. వారి నాయనగారు ఇంటి దూలములను, ద్వారబంధమును, గడపను బండికెత్తి తెచ్చి క్రొత్తయింట నిలిపిరట. గోడలు మట్టివి గనుక వదలిరట. తాను ఏడేండ్ల పిల్లగా ఆ గడపపై కూర్చుండియే బండిలో వచ్చితినని చెప్పుచు నవ్వెడిది.

ఆమె చెప్పిన గడప మాట మాకు జ్ఞాపకము వచ్చి, మరునాడు మా వారితో, "అమ్మకముందు ఒకసారి వడ్రంగికి చూపిద్దామండీ" అంటిమి. గురజాలలోనే యున్న యొక ముసలి మేస్త్రీ వచ్చి భోషాణమును చుట్టు తిరిగి, లోన దూరి, దీపము పట్టి చూచెను. "ఇందులో ఇనపమేకు ఒక్కటి లేదు మాష్టారూ. అంతా కుసులు, కొయ్యచీలలు. పట్టీలు తీస్తే మంచం లాగే విడిపోద్ది" అనెను. అడ్డముగ మెత్తని చెక్కముక్క పెట్టి కొయ్యసుత్తితో ఒక్కొక్క చీలను నెమ్మదిగ తట్టి తీసెను. గుర్తులు పెట్టబోయి ఆగి మమ్ము పిలిచెను. ప్రతి కుసిమీదను, దానికెదురుగ పలకమీదను, ఉలితో గీచిన చిన్నగీట్లు అప్పటికే కలవు. ఒకచోట ఒక గీటు, ఒకచోట రెండు, ఒకచోట మూడు. చేసిన వడ్రంగి పెట్టిన గుర్తులే యవి. మా అత్తగారు దగ్గరకు వచ్చి వ్రేలితో వానిని తడవి చూచి, "అవును. నా కాపురానికి వచ్చేటప్పుడు దీన్ని పలకలు పలకలుగానే బండిమీద తెచ్చారు. ఆ ఇంటి గుమ్మం కూడా చిన్నదే. నేనే మరిచిపోయాను" అనిరి. ఏబదియేండ్ల క్రిందటి పని వాడు మా ప్రయాణమునకు కూడ సిద్ధము చేసియే పెట్టియుండెనన్నమాట. పాతసామానులవారికి కబురంపి బేరము మానుకొంటిమి. నరసరావుపేటలో మేస్త్రీయే వచ్చి ఒక పూటలో దానిని నిలిపిపోయెను.

ఇట్లు ప్రతి వస్తువును విప్పవచ్చునని మా యభిప్రాయము గాదు. ఇప్పటి చెక్కపొడి పలకల అలమరలను విప్పి బిగించినకొలది మరల రంధ్రములు వదులగును. అట్టివానిని వీలైనంతవఱకు విప్పకయే నిలువుగ తరలింపవలెను. మీ యింటి వస్తువు దేనితో చేయబడినదో, ఎట్లు కూర్పబడినదో తెలిసికొని, ఆ పిదప విప్పుటయో మోయుటయో అమ్ముటయో నిశ్చయింపుడు. తెలియక అమ్మినదానికై తరువాత విచారించి లాభము లేదు.

లారీ నింపునప్పుడు బరువైనవి ముందుభాగమున, క్రింద నుండవలెను. బీరువాను ముందుగోడకు ఆనించి నిలిపి కట్టవలెను. బల్లలను తలక్రిందుగ బొంతపై నుంచవలెను. మంచపు పట్టెలను ప్రక్కగోడలకు చేర్చవలెను. తేలికవి పైన నుండవలెను. రోలు, రుబ్బురాయి ఏ కొయ్యసామానుపైనను ఉంచరాదు. త్రాడు ఒఱయుచోట నెల్ల గుడ్డముక్క మడిచి పెట్టవలెను. సందులలో దిండ్లు, బట్టలమూటలు దూర్చినచో అవియు చేరును, సామానును కదలదు. వేసవిలో తెల్లవారుజామున బయలుదేరి యెండ ముదురకమునుపే చేరుట మేలు. ఆవకాయ జాడీలకు వాసెన గట్టిగ కట్టి, చుట్టకుదురులలో కూర్చి, మనతోడనే తీసికొనిపోవలెను. ఆ పని వేఱొకరికి చెప్పిన యిల్లాలిని మేమింతవఱకు చూడలేదు.

ఫ్రిజ్జును ముందురోజే ఖాళీచేసి తుడిచి ఆరనిచ్చి, నిలువుగనే తరలింపవలెను. చేరిన వెంటనే కరెంటు పెట్టక నాలుగైదు గంటలు కదలక నుంచవలెను. బట్టలుతుకు యంత్రములోని నీటిని పూర్తిగ వంపవలెను. గ్యాసు సిలిండరుకు రెగ్యులేటరు తీసి, మూతబిగించి, నిలువుగ నుంచవలెను. వేఱొక యూరికి పోవువారు సిలిండరును మోసికొనిపోవుటకంటె, పంపిణీదారుని దగ్గర అప్పగించి కాగితము తీసికొని, క్రొత్త యూర దానిని చూపి క్రొత్తది పొందుట క్షేమకరము.

చేరినపిదప మొదట పాలు పొంగించి, ఆ వెనుక వృద్ధుల మంచమును, పిల్లల పరుపులను వేయింపవలెను. అలమరలు, పటములు మరునాటివఱకు ఆగగలవు. క్రొత్తగ సున్నము వేసిన గోడ చెమ్మగా నుండును గనుక కొయ్యసామానును జానెడు దూరమున నుంచవలెను. బీరువా కాళ్లక్రింద మట్టము చూడవలెను. మట్టము తప్పినచో తలుపు పడదు. అందఱు అలసియుందురు గనుక ఆనాటి వంట అన్నము, పచ్చిపులుసు మాత్రమే చాలును. ఆనాడు విందు వండి ఇల్లాలు మంచమెక్కుట యెవరికి సంతోషము?

నోటుపుస్తకములో సంఖ్యలన్నియు సరిచూచిన పిదప కొన్ని లెక్కకు రానివి మిగులును. గురజాలలో మేము పెంచిన కరివేపచెట్టు, సాయంకాలము గోడమీదనుండి పలుకరించు పిన్నిగారు, పిల్లలు ఎత్తు కొలుచుకొని గీట్లు పెట్టిన తలుపు వెనుక భాగము. ఇవి యే లారీకిని ఎక్కవు. వానికై పెద్దలు రెండుమూడు నెలలు మౌనముగ నుందురు. అట్టివేళ వారికి అలవాటైన వస్తువు ఒక్కటియైనను కంటి యెదుట నుండవలెను. అది భోషాణమే కానక్కరలేదు. పీట కావచ్చును, చేద కావచ్చును, దేవుని మందిరము కావచ్చును. ఏ వస్తువును వదలవలెనో నిశ్చయించునప్పుడు వెలను మాత్రమే చూడక, అది యెవరిదో, వారి కింకేమి మిగిలియున్నదో అడిగి తెలిసికొనుడు. చెప్పరు గనుక అడుగవలెను.

ఈ వేసవి బదిలీలలో ఇల్లు మారు సోదరీమణులందఱి సామానులును, వానిని మోయు చేతులును క్షేమముగ చేరుగాక.